కాశీ నుంచి సింగపూర్ దాకా: ట్రావెల్ క్రెడిట్ కార్డు ఎంచుకోవడంలో నా అనుభవం

2024 కార్తీక మాసంలో అమ్మను కాశీకి తీసుకెళ్లాను. నవంబర్ 20, బుధవారం. అమ్మకు 67 ఏళ్లు, విమానం ఎక్కడం అదే మొదటిసారి. కాకినాడ నుంచి రెండు రోజుల ముందే గౌతమిలో వచ్చి లింగంపల్లిలో దిగింది. బయల్దేరే ముందు రాత్రి ఎప్పటిలాగే పులిహోర కలిపి స్టీలు డబ్బాలో సర్దబోతుంటే నేనే ఆపాను. "ఎందుకమ్మా శ్రమ, నా కార్డుకి లాంజ్ ఫ్రీ. లోపల టిఫిన్లన్నీ ఉంటాయి, హాయిగా కూర్చుని తినొచ్చు" అన్నాను. మూడున్నరకే లేచి శంషాబాద్ చేరుకున్నాం.

లాంజ్ దగ్గర కౌంటర్‌లో అమ్మాయి కార్డు తీసుకుని, "రెండు రూపాయలు కట్ అవుతాయి మేడమ్" అంటూ స్వైప్ చేసింది. పడలేదు. ఇంకోసారి చేసింది. అప్పుడూ పడలేదు. "గత క్వార్టర్‌లో స్పెండ్ సరిపోలేదని చూపిస్తోంది మేడమ్" అంది. మూడు నెలల్లో 50,000 వాడితేనే తర్వాతి మూడు నెలలు లాంజ్ అని ఆ కార్డు నియమం ఎప్పుడో మారిందట. మెయిల్ కూడా పంపారట. ఇంటికొచ్చాక వెతికితే నిజంగానే ఉంది, ప్రకటనల మధ్య. పైగా నియమం ప్రకారం లాంజ్ నా ఒక్కదానికే, అమ్మకు విడిగా డబ్బు కట్టాల్సిందేనట.

వెనక క్యూ పెరుగుతోంది. అమ్మ నా హ్యాండ్‌బ్యాగు పట్టీ పట్టుకుని నిలబడి ఉంది. "పోనీలే తల్లీ, నాకేం ఆకలిగా లేదు" అంది. బీపీ మాత్ర ఏదైనా తిన్నాకే వేసుకోవాలని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. బయట స్టాల్‌లో రెండు ప్లేట్ల ఇడ్లీ కొన్నాను, 540 రూపాయలు. డబ్బు గురించి కాదు నా బాధ. ఇంట్లో కలుపుకున్న పులిహోర వద్దని ఆపి, మాటిచ్చి, అక్కడ నిలబెట్టుకోలేకపోయాను.

కాశీ బాగా జరిగింది. ఆ సంగతి ఇంకెప్పుడైనా రాస్తాను.

డిసెంబర్ 9న స్టేట్‌మెంట్ వచ్చింది. అందులో వార్షిక రుసుము 3,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 630, మొత్తం 4,130. ఈ కార్డు నాకు అప్పటికి రెండేళ్ల క్రితం ఒక మాల్‌లో స్టాల్ దగ్గర అంటగట్టారు. "లైఫ్‌టైమ్ ఫ్రీ మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. కాగితం మీద ఉన్నది మొదటి ఏడాది ఉచితం అని. పోయినసారి ఖర్చు ఎక్కువ చేయడంతో ఫీజు దానంతటదే మాఫీ అయింది, అందుకే నాకు తెలియలేదు. దయచేసి ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి: దరఖాస్తుతో పాటు ఒక పేజీలో ముఖ్యమైన నిబంధనల పత్రం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. ఫీజు ఎంతో అందులో రాసి ఉంటుంది. నోటి మాట కాదు, ఆ పేజీ చూడండి.

11వ తేదీన కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. 22 నిమిషాలు లైన్లో పెట్టాక ఒకాయన చాలా మర్యాదగా, 90 రోజుల్లో లక్ష రూపాయలు వాడితే ఫీజు వెనక్కి ఇస్తామన్నారు. రెండు రోజులు ఆలోచించాను. నిజం చెప్పాలంటే ఆశపడ్డాను. వాషింగ్ మెషీన్ మార్చేద్దామా అనుకున్నాను. ఉన్నది బాగానే పనిచేస్తోంది! 4,130 కోసం లక్ష ఖర్చు పెట్టబోతున్నానని కాగితం మీద రాసుకున్నాకే మూసేద్దామన్న నిర్ణయానికి వచ్చాను.

కార్డు మూస్తే, ఖర్చు పెట్టినప్పుడల్లా బ్యాంకు వేసే రివార్డు పాయింట్లు పోతాయి. కాబట్టి ముందు వాటిని వాడేసుకోవాలి. నావి 6,240 ఉన్నాయి. పెద్ద సంఖ్య కదా అనిపించింది. తీరా చూస్తే పాయింటు విలువ 25 పైసలు, అంటే 1,560 రూపాయలు. వాటిని వోచర్‌గా మార్చడానికి మళ్లీ 99 రూపాయలూ, దాని మీద జీఎస్టీ. రెండేళ్లు జాగ్రత్తగా కూడబెట్టిన పాయింట్లు చివరికి సుమారు 1,443 రూపాయలకు తేలాయి. బాకీ ఉంటే కార్డు మూయరు కాబట్టి ఫీజుతో సహా మొత్తం కట్టేసి, డిసెంబర్ 18న యాప్‌లో మూసివేత అభ్యర్థన పెట్టాను.

బాకీలన్నీ తీర్చేశాక ఏడు పనిదినాల్లో కార్డు మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున మనకు చెల్లించాలి. ఇదీ రిజర్వ్ బ్యాంకు 2022లో తెచ్చిన నిబంధనల్లోనే ఉంది. నా గడువు 27తో అయిపోయింది. ఈలోపు రెండుసార్లు ఫోన్ చేసి "మనసు మార్చుకోండి" అన్నారు తప్ప మూయలేదు. జనవరి 2న నిబంధన ప్రస్తావిస్తూ మెయిల్ రాస్తే 6న మూసేశామని జవాబొచ్చింది. పరిహారం అడిగితే మొదట క్షమాపణ వచ్చింది, డబ్బు రాలేదు. బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి రాశాక ఫిబ్రవరి 4న 4,000 నా సేవింగ్స్ ఖాతాలో పడింది. వాళ్ల లెక్కలో 8 రోజులు, నా లెక్కలో 10. అంతకుమించి వాదించే ఓపిక లేక వదిలేశాను. అడగకపోతే ఆ 4,000 కూడా వచ్చేది కాదు.

ఇక అసలు విషయం, కొత్త కార్డు ఎంచుకోవడం. మా చెల్లి సింగపూర్‌లో ఉంటుంది. 2025 దసరా సెలవులకు అమ్మనూ, మా అబ్బాయినీ తీసుకుని వెళ్లాలని అప్పటికే అనుకున్నాం. కాబట్టి కార్డు లేకుండా కుదరదు.

సంక్రాంతికి కాకినాడ వెళ్లినప్పుడు పెద్దనాన్నగారి అల్లుడు, మా బావగారు, తన పర్సు తీసి ఏడు కార్డులు మంచం మీద పరిచారు. ఏ కార్డుకి ఎన్ని మైల్స్ (విమాన టికెట్లకు వాడుకునే పాయింట్లు), ఏ హోటల్, ఏ ఎయిర్‌లైన్ అన్నీ గడగడా చెప్పారు. ఆయనకు అదొక ఇష్టం, చాలా శ్రద్ధగా చేస్తారు. కానీ విన్నకొద్దీ నాకు టెన్షన్ పెరిగింది. ఆయన మాటల్లో నాకు బాగా పనికొచ్చింది మాత్రం ఒకటుంది. ఒకే ఎయిర్‌లైన్‌తో ముడిపడిన కార్డు తీసుకుంటే ఆ ఎయిర్‌లైన్‌కి ఏమైతే మన పాయింట్లకీ అదే అవుతుంది. ఆయన దగ్గర విస్తారా ఎయిర్‌లైన్ వాళ్ల క్లబ్ విస్తారా పాయింట్లుండేవి. 2024 నవంబర్ 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోవడంతో అవి వాళ్ల పాయింట్ల పథకం మహారాజా క్లబ్‌లోకి మారాయి. ఏ టికెట్టుకి ఎన్ని పాయింట్లో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చిందన్నారు.

హైదరాబాద్ తిరిగొచ్చాక మూడు రాత్రులు కూర్చున్నాను. అబ్బాయి పాత లెక్కల నోటుబుక్కులో మిగిలిన పేజీల్లో, 12 నెలల స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని, ప్రతి ఖర్చూ రాశాను. స్కూలు ఫీజు 1,10,000. ఇన్సూరెన్స్ 42,000. సరుకులు 96,000. ఆన్‌లైన్ కొనుగోళ్లు 70,000. పెట్రోలు 36,000. కరెంటు, ఇంటర్నెట్ వగైరా 40,000. ప్రయాణాలు 58,000, అందులో రైలు టికెట్లే 14,000. మొత్తం 4,52,000.

మొదటి రాత్రి ఆ మొత్తం చూసి సంబరపడ్డాను, పాయింట్లు బాగానే వస్తాయని. రెండో రాత్రి కార్డుల నిబంధనలు చదివాక సగం గీతలు కొట్టేశాను. చాలా కార్డుల్లో పెట్రోలుకి పాయింట్లు రావు. యాప్ ద్వారా కట్టే స్కూలు ఫీజుకి రావు. ఇన్సూరెన్స్‌కీ, కరెంటు బిల్లుకీ రావు, లేదా పరిమితి పెట్టారు. ఖచ్చితంగా పాయింట్లు వచ్చేవి సరుకులు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, ప్రయాణాలు మాత్రమే. మొత్తం 2,24,000. అంటే నా ఖర్చులో సగమే.

మూడో రాత్రి మూడు రకాల కార్డులకు లెక్క వేశాను. ఇవి నేను చూసినప్పటి నిబంధనలు, తరచూ మారుతుంటాయి, మీరు మళ్లీ చూసుకోండి.

హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా గోల్డ్ ఫీజు 2,500, జీఎస్టీతో 2,950. ప్రతి 150 రూపాయలకూ 4 పాయింట్లు, విమాన టికెట్లకు వాడితే పాయింటు 50 పైసలు. నా 2,24,000కి 5,973 పాయింట్లు, అంటే 2,986 రూపాయలు. కట్టేది 2,950, వచ్చేది 2,986! ఆ 36 రూపాయల తేడా చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మొదటి ఏడాది ఫీజుకి సరిపడా వోచర్ ఇస్తారు కాబట్టి నష్టం లేదు. ఏడాదికి 4 లక్షలు వాడితే ఫీజు మాఫీ కూడా ఉంది. కానీ నేను చూసింది రెండో ఏడాది, ఒక నెల ఖర్చు తగ్గి ఆ గీత దాటలేకపోతే ఏంటన్నది. వోచర్లు మొదటి ఏడాదికే, ఫీజు ప్రతి ఏడాదీ వస్తుంది. బాగా ఖర్చు పెట్టేవాళ్లకు ఆ కార్డు మంచిదే.

రెండోది 5,000 ఫీజున్న ఒక మైల్స్ కార్డు. జీఎస్టీతో 5,900. విమానాలకూ హోటళ్లకూ వందకు 5 పాయింట్లు, మిగతా వాటికి 2. పాయింటు రూపాయి. ప్రయాణాల్లో రైలు టికెట్లు పోగా నా 44,000కి 2,200, మిగిలిన 1,80,000కి 3,600, కలిపి 5,800. ఫీజుకి వంద తక్కువ.

మూడోది స్కేపియా ఫెడరల్ లాంటి రకం. వార్షిక ఫీజు లేదు, విదేశాల్లో వాడితే మార్కప్, అంటే బ్యాంకు వేసే అదనపు ఛార్జీ, లేదు. పాయింట్లు వాళ్ల యాప్‌లోనే ప్రయాణాలకు వాడుకోవాలి, అదొక కట్టుబాటు.

ఈ మార్కప్ సంగతి నాకు అంతకుముందు తెలియదు. మామూలు కార్డులు చాలావరకు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం వేస్తాయి. ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. కలిపి 4.13 శాతం. లక్ష రూపాయలు విదేశంలో ఖర్చు పెడితే సరిగ్గా 4,130. నేను కట్టిన ఫీజు కూడా 4,130. ఆ సంఖ్య మళ్లీ కనబడగానే గుండె కలుక్కుమంది.

లాంజ్‌కి నోటుబుక్కులో నేను వేసుకున్న విలువ సున్నా. వెబ్‌సైట్లలో "ఒక్కో విజిట్ 1,500 విలువ" అని కలిపి చూపిస్తారు. మేము ప్రయాణం చేసేదే ముగ్గురం, నలుగురం. ఒక్కదాన్నే లోపలికి వెళ్లి అమ్మనూ పిల్లాణ్నీ బయట కూర్చోబెడతానా?

అలా నాకు ఫీజు లేనిదే సరైనదని తేలింది. కానీ అదే నోటుబుక్కులో పక్క పేజీలో మావారి లెక్క వేస్తే పూర్తిగా తలకిందులైంది. ఆయన ఆఫీసు పని మీద నెలకు రెండుసార్లు ముంబయి వెళ్తారు. టికెట్లూ హోటలూ సొంత కార్డుతోనే బుక్ చేసి తర్వాత కంపెనీ నుంచి తీసుకుంటారు. ఏడాదికి 3,40,000. 5,000 ఫీజు కార్డులో ఆ ఒక్క ఖర్చుకే 17,000 పాయింట్లు. 5,900 పోగా కూడా 11,000 పైన మిగులుతుంది. ఒకే ఇల్లు, ఒకే వారం, నాకు వద్దన్న కార్డునే ఆయనకు తీసుకోమన్నాను. "నీకు వద్దన్నది నాకెందుకు?" అని మొదట ఆయనకు నచ్చలేదు. పేజీ చూపించాక ఒప్పుకున్నారు.

ఫిబ్రవరి 3న నేను దరఖాస్తు పెట్టాను. 5న తిరస్కరించారు. కారణం "అంతర్గత విధానం" అని మాత్రమే. నా సిబిల్ స్కోరు (అప్పులు ఎంత సరిగ్గా కడతామో చూపే అంకె) 782, ఒక్క వాయిదా కూడా ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. చాలా అవమానంగా అనిపించింది. వారం తర్వాత స్కోరు చూస్తే 774కి తగ్గింది, దరఖాస్తు కోసం బ్యాంకు నా స్కోరు ఆరా తీసిన ఆ ఎంక్వైరీ వల్ల. కోపంలో ఇంకో మూడు చోట్ల పెట్టేద్దామనుకున్నాను కానీ బావగారు ఫోన్లో ఆపారు. "వరసగా పెట్టకమ్మా, ఒక్కొక్కటీ స్కోరు మీద పడుతుంది. ముందు అడ్రస్ చూసుకో" అన్నారు.

ఆయన అన్నదే నిజమేమో. నా ఆధార్‌లో ఇంకా కాకినాడ చిరునామా ఉంది, ఉండేది మియాపూర్‌లో అద్దె ఇంట్లో. ఆన్‌లైన్‌లో 50 రూపాయలు కట్టి అద్దె ఒప్పందం జతచేసి మార్పించాను, 12 రోజులు పట్టింది. ఏప్రిల్ 10న వేరే బ్యాంకులో పెట్టాను. 12న వీడియో కేవైసీ, అంటే వీడియో కాల్‌లో గుర్తింపు తనిఖీ. దీనికి పాన్ కార్డు అసలుదే చేతిలో ఉండాలి, ఫోన్లో ఫొటో పనికిరాదు. తెల్ల కాగితం, పెన్ను పక్కన పెట్టుకోండి, వాళ్లు చూస్తుండగానే సంతకం చేయాలి. నా కాల్ మధ్యలో ఒకసారి తెగిపోయింది, మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. అయినా అంతా కలిపి 15 నిమిషాలే. 21న కార్డు ఇంటికొచ్చింది. మావారిది 19నే వచ్చింది. ఆయన స్వాగత పాయింట్లు ఫీజు కట్టి, మొదటి కొనుగోలు చేశాక దాదాపు నెలన్నరకు పడ్డాయి.

సెప్టెంబర్ 24న సింగపూర్ బయల్దేరాం, నేను, అమ్మ, అబ్బాయి. ముందు రాత్రి అమ్మ నన్ను అడక్కుండానే పులిహోర కలిపింది. నేనూ ఏమీ అనలేదు, పక్కన కూర్చుని వేరుశనగపప్పు వేయించి ఇచ్చాను. సెక్యూరిటీలో డబ్బా మూత తీసి చూసి పంపించేశారు. గేటు దగ్గర కుర్చీల్లో ముగ్గురం కూర్చుని తిన్నాం. అమ్మ మాత్ర వేసుకుంది. లాంజ్ వైపు నేను వెళ్లలేదు.

చాంగి విమానాశ్రయంలో ఒక చిక్కు. అక్కడ మెట్రో గేటు దగ్గర కార్డు తాకిస్తే చాలు, టికెట్టు కొనక్కర్లేదు. మన కార్డులకు రోజుకు 60 సెంట్లు అదనంగా పడుతుందంతే. నేను తాకించాను, ఎర్ర లైటు వెలిగింది. విదేశీ వాడకం ఇంట్లోనే ఆన్ చేసుకున్నాను కదా అని కంగారుపడ్డాను. మన దేశంలో కొత్త కార్డుకి విదేశీ వాడకం, ఆన్‌లైన్, తాకించి కట్టడం ఇవన్నీ మొదట ఆపే ఉంటాయి, ఒక్కొక్కటీ మనమే యాప్‌లో తెరవాలి. నేను విదేశీ వాడకం తెరిచాను, తాకించి కట్టేది తెరవలేదు. విమానాశ్రయం వైఫైలో యాప్ తెరిచి ఆ మీట జరిపాక ఆకుపచ్చ వెలిగింది. బయల్దేరే ముందే అన్నీ చూసుకోండి.

ముస్తఫా సెంటర్‌లో బిల్లు కట్టేటప్పుడు మిషన్ మీద రెండు గడులు కనబడ్డాయి, ఒకదాంట్లో సింగపూర్ డాలర్లు, ఇంకోదాంట్లో మన రూపాయలు. అమ్మ వెనక నుంచి తొంగిచూసి, "మన రూపాయల్లో కట్టెయ్యవే, లెక్క తెలుస్తుంది" అంది. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మిషన్ వాళ్లు వేసేది, ఎక్కువ పడుతుంది. మార్కప్ లేని కార్డు తీసుకున్న ప్రయోజనమంతా ఆ ఒక్క నొక్కుతో పోతుంది. డాలర్లే నొక్కి, బయటికొచ్చాక అమ్మకు నెమ్మదిగా చెప్పాను. తర్వాత కొట్టులో "డాలర్లు నొక్కు తల్లీ" అని ఆమే గుర్తుచేసింది.

అక్టోబర్ 3న తిరిగొచ్చాం. 14న బిల్లు వచ్చింది. అక్కడి ఖర్చు మొత్తం 82,400. ఒక్కో వరసా రసీదులతో సరిచూశాను. డాలరుకి 68 రూపాయల చిల్లర పడింది, మార్కప్ అనే వరస ఎక్కడా లేదు. పాత కార్డుతో వెళ్లి ఉంటే దాని మీద ఇంకో 3,400 కట్టేదాన్ని.

మావారి కార్డు ఫీజు మళ్లీ వచ్చే ఏప్రిల్‌లో పడుతుంది. ఈ మధ్య ఆయనకు ముంబయి ప్రయాణాలు తగ్గాయి, నెలకు ఒకటే. మార్చి 15కి ఇద్దరి ఫోన్లలోనూ రిమైండర్ పెట్టాను. ఆ రోజు మళ్లీ నోటుబుక్కు తీసి, ఈ ఏడాది నిజంగా ఎంత తిరిగారో చూసి, ఉంచాలో మూయాలో అప్పుడు తేల్చుకుంటాం.